ముఖం కలిస్తే సరిపోదు

చెల్లెమ్మా,

బ్రిటిష్ రాజుల, రాణుల సినిమాల్లో నటన గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడి రాశావు. కానీ సగానికి పైగా కిరీటాలు, గౌన్లు, యాస గురించే ఉంది. ముఖం కలిసిందా లేదా అన్న దగ్గరే ఆగిపోయావు. పోలిక చాలావరకు మేకప్‌తో, విగ్గుతో వచ్చేస్తుంది. రాజకుటుంబంలో పుట్టినవాళ్లు నలుగురిలో మనసులో మాట బయటపెట్టరు. ఆ బిగింపు ఎక్కడ సడలుతోందో చూసి రాయి.

2006లో వచ్చిన 'ది క్వీన్' తీసుకో. 1997లో డయానా పోయిన తర్వాతి రోజుల కథ. హెలెన్ మిరెన్ రెండో ఎలిజబెత్ వేషం వేసింది. స్కాట్లండ్ కొండల్లో ఒంటరిగా బండి నడుపుకుంటూ వెళ్తుంటే వాగు దాటే చోట అది ఆగిపోతుంది. సాయం కోసం ఫోన్ చేసి, అక్కడే కూర్చుంటుంది. కాసేపటికి ఏడుపొస్తుంది. మనకు కనిపించేది ఆమె వీపే. కంటతడి పెట్టలేదని జనం తిట్టిపోస్తున్న మనిషి ఏడిస్తే, ఆ ముఖం మనకూ చూపించరు! వీపుతోనే అంత దుఃఖం పలికించిన నటికి నువ్వు ఒక్క వాక్యం కూడా ఇవ్వలేదు, చాలా బాధేసింది. ఇంకో మాట, ఆ ఏడుపు చరిత్రలో నమోదైనది కాదు, రచయిత పీటర్ మోర్గన్ ఊహ. ఆ సంగతి పాఠకుడికి చెప్పాలి.

'ది కింగ్స్ స్పీచ్'లో ఆరో జార్జి రాజుగా వేసిన కోలిన్ ఫర్త్ నత్తి బాగుందని రాసి వదిలేశావు. ఎలా బాగుంది? అక్షరాన్ని పదేపదే పలకడం కన్నా, మాట గొంతులో అడ్డుపడి నిశ్శబ్దమైపోవడమే అతను ఎక్కువ చూపిస్తాడు. ఆరో జార్జి 1938లో గ్లాస్గోలో మాట్లాడిన ఫిల్మ్ ఇప్పటికీ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. అయితే నటన నిజంగా ఉందని కథంతా నిజమనుకోకు. మాట సరిచేసే వైద్యుడు లయొనెల్ లోగ్ దగ్గర జార్జి చికిత్స మొదలైంది 1926లో, ఇంకా రాజు కాకముందే. సినిమా దాన్ని 1930లలోకి జరిపింది.

పదహారో శతాబ్దపు రాజు ఎనిమిదో హెన్రీకి ఫిల్మూ లేదు, గొంతూ లేదు. చిత్రకారుడు హోల్‌బైన్ వేసిన బొమ్మ ఉంది. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ ఆ భంగిమనే 1933లో వచ్చిన 'ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్' సినిమాలో నటుడు చార్లెస్ లాటన్ పట్టుకున్నాడు. భోజనాల బల్ల దగ్గర కోడిని చేతులతో చీల్చి తింటూ ఎముకలు వెనక్కి విసిరేస్తాడు. మనకు కృష్ణుడంటే ఎన్టీఆర్ గుర్తొచ్చినట్టు, చాలామందికి హెన్రీ అంటే ఇప్పటికీ ఆ తిండిపోతే గుర్తొస్తాడు. గొప్ప నటన చరిత్రను అలా కమ్మేయగలదు కూడా. నీ వ్యాసంలో దీనికి చోటివ్వు, నగల గురించి రాసిన పేజీ తీసేయి.

ముందు మిరెన్ సీన్ సౌండ్ ఆపి చూసి, ఆ ఒక్క పేరా కొత్తగా రాసి పంపు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ అన్నయ్య