75 గజాల్లో ఇల్లు కట్టడానికి పర్మిషన్ కావాలా?

తెలంగాణ మున్సిపాలిటీలో మీ స్థలం 75 గజాల లోపే అయితే, 2020 నాటి టీఎస్-బీపాస్ (భవన అనుమతుల) చట్టం ప్రకారం గ్రౌండ్ ఫ్లోర్ మీద ఇంకో అంతస్తు వరకు పర్మిషన్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుని ఒక్క రూపాయి కడితే సరి. స్థలం 75 గజాలు దాటి 600 గజాల దాకా ఉండి, ఎత్తు 10 మీటర్ల లోపైతే, స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది.

అసలు టెన్షన్ ఇక్కడే. "మేస్త్రీ చూసుకుంటాడులే" అని తప్పుడు వివరాలిస్తే నోటీసు లేకుండానే కూల్చేయొచ్చు. అందుకే ముందు మాస్టర్ ప్లాన్‌లో (ఊళ్లో ఏ స్థలం దేనికో చూపే ప్రభుత్వ పటంలో) మీ సర్వే నంబరు ఏ జోన్‌లో పడిందో, ముందున్న రోడ్డును వెడల్పు చేసే ప్రతిపాదన ఉందేమో చూడండి. 20 అడుగుల గల్లీ కాగితం మీద 40 అడుగులై ఉంటే, మీ వైపు 10 అడుగులు వదలాలి. ముందు 22 అడుగులు, లోపలికి 30 అడుగులున్న స్థలంలో అది మూడో వంతు!