కొలంబియా నది చేపలు గర్భిణి తినవచ్చా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి, కోడలు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని రిచ్‌లాండ్‌లో ఉంటున్నారు. కోడలికి అయిదో నెల. సెలవు రోజుల్లో అబ్బాయి కొలంబియా నదిలో చేపలు పట్టి తెస్తే, ఇద్దరూ మన పద్ధతిలోనే పులుసు పెట్టుకుంటున్నారు. ఆ ఒడ్డున పాత అణు కర్మాగారం ఉందని, చేపల్లో రేడియేషన్ ఉంటుందని విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. అయోడిన్ మాత్రలు పంపమంటారా? ఏదైనా స్కానింగ్ చేయించాలా?

జవాబు: మీరు విన్నది అబద్ధం కాదమ్మా, కాకపోతే అందులో ఎక్కువ భాగం యాభై ఏళ్ల కిందటి సంగతి. రిచ్‌లాండ్ పక్కనున్న హాన్‌ఫర్డ్‌లో అణుబాంబులకు కావలసిన ప్లుటోనియం తయారీకి 1944లో రియాక్టర్లు మొదలయ్యాయి. వాటిలో మొదటి ఎనిమిదింటిని చల్లబరచడానికి నది నీటిని ఒక్కసారి లోపలికి పంపి, కొద్దిసేపు నిల్వ ఉంచి మళ్లీ నదిలోకే వదిలేవారు. అలా ఫాస్ఫరస్-32, జింక్-65 అనే రేడియోధార్మిక పదార్థాలు నాచులోకి, పురుగుల్లోకి, వాటిని తినే చేపల్లోకి చేరాయి. ఆ తరహా రియాక్టర్లలో చివరిది 1971లో మూతపడింది. మొదటి పదార్థం రెండు వారాలకు, రెండోది ఎనిమిది నెలలకు సగమైపోయేవి కనుక ఆనాటివి ఇప్పుడు చేపల్లో లేవు.

ఇంకా చూడవలసినవి, సగమవడానికి సుమారు 30 ఏళ్లు పట్టే సీజియం-137, స్ట్రాన్షియం-90. సీజియం పొటాషియంలాగా కండలోకి, స్ట్రాన్షియం కాల్షియంలాగా ఎముకలోకి వెళుతుంది. హాన్‌ఫర్డ్ భూగర్భ జలాల నుంచి స్ట్రాన్షియం నేటికీ కొన్నిచోట్ల నదిలోకి ఊరుతున్నా, అంత పెద్ద ప్రవాహంలో అది బాగా పలచబడిపోతుంది. అక్కడి చేపల కండను పరీక్షించినప్పుడు ఎగువన పట్టిన వాటితో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడడం లేదు. వంట వల్ల రేడియోధార్మికత నశించదు. ఉడికేటప్పుడు సీజియంలో కొంత నీటిలోకి దిగుతుంది గానీ, మనకు ఆ నీరే పులుసు, పైగా మర్నాటికి రుచి ఎక్కువని దాచుకుంటాం కూడా. నెల్లూరు వైపు ఇళ్లలో చేప తలకు ఉండే గిరాకీ తెలిసే చెబుతున్నాను: స్ట్రాన్షియం చేరేది ఎముకలోనే కనుక, ఆ నది చేపల తలకాయ, ముళ్లతో సహా నమిలేసే చిన్న చేపలు కోడలికి వద్దు.

నిజానికి గర్భిణి విషయంలో నేను ఎక్కువ పట్టించుకునేది పాదరసాన్ని, పాత విద్యుత్ పరికరాల నూనెల నుంచి నదుల్లో చేరిన పీసీబీ రసాయనాలను. ఇవి బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బతీయగలవు. కొలంబియాలోనే ఉండిపోయే బాస్, వాల్‌ఐ, స్టర్జన్ వంటి చేపలను ఎంత తినాలో అక్కడి రాష్ట్ర ఆరోగ్య శాఖ చెబుతుంది. మీ అబ్బాయి తాను పట్టే చోటు పేరు చెప్పి కనుక్కోవాలి. సముద్రంలో పెరిగి నదికి ఎదురీది వచ్చే సాల్మన్‌లో పాదరసం తక్కువ. తోలు, కొవ్వు తీసేసి, వారానికి రెండు మూడు పూటలు ఆమె నిశ్చింతగా తినవచ్చు. చేపలు పూర్తిగా మాన్పించడం బిడ్డకు మేలు కాదు.

అయోడిన్ మాత్రలు పంపవద్దు. అవి రేడియోధార్మిక అయోడిన్ నుంచి థైరాయిడ్‌ను మాత్రమే కాపాడతాయి. అయోడిన్-131 ఎనిమిది రోజులకే సగమవుతుంది కనుక పాత కర్మాగారం నుంచి వచ్చిన అయోడిన్-131 ఇప్పుడు లేదు. ప్రమాదం జరిగి అధికారులు చెప్పినప్పుడు తప్ప వేసుకుంటే బిడ్డ థైరాయిడ్‌కే చేటు.

ఈ భయంతో ఏ స్కానూ అవసరం లేదు. పొట్టకు తీసే ఒక్క సీటీ స్కాన్‌తో 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ పడుతుంది. ప్రకృతి నుంచి ఏడాది పొడవునా మనకు అందేది ప్రపంచ సగటున 2.4 మాత్రమే. అయిదో నెలలో బిడ్డ అవయవాలు చూసే అల్ట్రాసౌండ్ ధ్వని తరంగాలతో చేసేది, అందులో రేడియేషన్ ఉండదు. దాన్ని మాత్రం మానవద్దని కోడలికి చెప్పండి.