అడ్వాన్సు ఇచ్చేముందు నేల కింద చూడు

చి.సౌ. అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. పాత రూట్ 66 హైవే మీద మూతబడిన గ్యాస్ స్టేషన్ (అదే, పెట్రోలు బంకు) వైపు నువ్వు, ఊరి నడిబొడ్డున ఉన్న రెండంతస్తుల పాత కార్ల షోరూమ్ వైపు అల్లుడుగారు మొగ్గుతున్నారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. కాఫీ టిఫిన్ల హోటలు పెట్టుకోవడానికి ఏది మేలని అడిగావు. ఈ ఇల్లినాయ్ రాష్ట్రంలో నా ఉద్యోగమంతా పాత కట్టడాల పరీక్షల్లోనే గడిచింది కనుక కాస్త వివరంగానే రాస్తాను. ఇద్దరూ కలిసి చదవండి.

నా ఓటు గ్యాస్ స్టేషన్‌కే, ఒక షరతు మీద. దాని విషయంలో బేరమంతా నేల కిందే ఉంటుంది. తెల్లటి గోడలూ, గుండ్రటి మూలలూ చూసి మనసు పారేసుకున్నావని నీ ఉత్తరమే చెబుతోంది. నువ్వు తీసిన మూడో ఫొటో మళ్లీ తెరిచి చూడు. వెనకగోడను ఆనుకుని, బొటనవేలికంటే కాస్త లావుగా, తుప్పుపట్టిన ఇనుప గొట్టం ఒకటి కప్పు దాటి పైకి లేచి ఉంది. అది నీళ్ల గొట్టం కాదు. పాతిపెట్టిన ట్యాంకులోని ఆవిరి బయటికి పోవడానికి పెట్టింది. అది ఉందంటే ట్యాంకు ఇంకా కిందే ఉందేమోనని అనుమానించాలి. ఈసారి వెళ్లినప్పుడు ముందున్న సిమెంటు నేల మీద నడుస్తూ గుండ్రటి ఇనుప మూతలున్నాయేమో, ఒకచోట సిమెంటు రంగు మారి అతుకు వేసినట్టుందేమో చూడు. అతుకు ఉంటే ఎప్పుడో తవ్వారన్నమాట. ఏం తీశారు, ఏం వదిలేశారు అన్నది కాగితాల్లో వెతకాలి.

ఆ రోజుల్లో ఒంటిపొర ఇనుప ట్యాంకులను మట్టిలో పాతేవారు. అవి తుప్పుపట్టి కారేవి. పెట్రోలు మట్టిలోకి, అక్కడినుంచి భూగర్భజలంలోకి దిగేది. 1984లో అమెరికా కాంగ్రెస్ దీనిమీద చట్టం చేసింది. 1988లో పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధనలు తెచ్చి, పాత ట్యాంకులను 1998 డిసెంబరు 22 లోపు బాగుచేయాలి, లేదా మార్చాలి, లేదా మూసేయాలి అని గడువు పెట్టింది. ఆ ఖర్చు తట్టుకోలేక చిన్న యజమానులు ఎందరో దుకాణం కట్టేశారు. 1973 చమురు సంక్షోభం అప్పటికే కొందరిని ముంచింది. మిగిలినవాళ్లను ఈ గడువు తీసుకుపోయింది. పాత రోడ్ల మీద ఇన్ని బంకులు ఖాళీగా కనబడటానికి సగం కారణం ఇదే.

ఇంకో చిక్కుంది. మంచి మూల స్థలం దొరికితే కంపెనీలు దాన్ని వదిలేవి కావు. పాత కట్టడం కూల్చి కొత్తది, కొన్నేళ్లకు దాన్నీ కూల్చి మరొకటి కట్టేవారు. పైన కనబడేది ఒక్క కట్టడమే అయినా కింద రెండు మూడు తరాల ట్యాంకులు ఉండవచ్చు. అందుకే శాన్‌బోర్న్ పటాలు చూడమంటాను. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం ఊరూరా ఇల్లిల్లూ గీసిన పటాలివి. నేలలో పాతిన గ్యాసొలిన్ ట్యాంకులను కూడా గుర్తు పెట్టేవారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చాలావాటిని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. ఒకే స్థలాన్ని వేర్వేరు సంవత్సరాల పటాల్లో పక్కపక్కన పెట్టి చూడు. ఊరి లైబ్రరీలో పాత డైరెక్టరీలు ఉంటాయి, ఆ చిరునామాలో ఎవరెవరు ఏ వ్యాపారం చేశారో తెలుస్తుంది.

ఆ తర్వాతే పర్యావరణ పరీక్షలు చేసే కన్సల్టెంట్‌ను పిలిపించు. మొదటి దశ పరీక్షలో కాగితాలు, పరిసరాలు చూస్తారు, మట్టిని ముట్టుకోరు. అమ్మకందారు దగ్గర ఇప్పటికే ఒక నివేదిక ఉందని సంతోషపడకు, దాని తేదీ చూడు. పాతదైతే నీకు అక్కరకు రాదు, నీ పేరు మీద కొత్తది చేయించాలి. ఇది పాత బంకు కాబట్టి రెండో దశ కూడా తప్పదనే అనుకో. అందులో మట్టిని తొలిచి నమూనాలు తీసి బెంజీన్‌లాంటి విషరసాయనాలు ఉన్నాయేమో పరీక్షిస్తారు. మన రాష్ట్రంలో ట్యాంకు తీయడానికి అనుమతి అగ్నిప్రమాదాల భద్రత చూసే స్టేట్ ఫైర్ మార్షల్ కార్యాలయం ఇస్తుంది, మట్టి శుభ్రం సంగతి రాష్ట్ర ఈపీఏ చూసుకుంటుంది. అంతా అయ్యాక ‘ఇక శుద్ధి అక్కర్లేదు’ అని ఆ సంస్థ ఒక లేఖ ఇస్తుంది. దాన్ని కౌంటీ రికార్డుల్లో నమోదు చేయించాలి.

ఈ లేఖ ఉందని అమ్మకందారు చెప్పగానే అల్లుడుగారు తలూపేస్తారేమో, ఆగమను. చాలా లేఖలకు షరతులుంటాయి. బావి తవ్వకూడదు, నివాసానికి వాడకూడదు, పైనున్న సిమెంటు నేలను కదపకూడదు అని. ఈ చివరిదే నీకు ముఖ్యం. వంటగదికి నీటి గొట్టాలు, జిడ్డును ఆపే తొట్టె పెట్టాలంటే నేల పగలగొట్టాల్సిందే. అక్కడి మట్టి కలుషితమైతే ప్రతి అడుగుకూ అనుమతి, ప్రతి బండెడు మట్టికీ ఖర్చు. వంటగది ఎక్కడ వస్తుందో గీసుకున్నాక ఆ పటాన్నీ లేఖనూ పక్కపక్కన పెట్టి చదువు.

కార్లు బాగుచేసే గదుల్లో చూడాల్సినవి వేరు. కారును పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్టు సిలిండర్ నేలలో పాతి ఉంటే దానిలో నూనె ఉంటుంది, చుట్టూ మట్టి కూడా తడిసి ఉండవచ్చు. వాడేసిన ఇంజన్ ఆయిల్ పోసే ట్యాంకు విడిగా ఉండేది. నేల మధ్య కాలువ మురుగు గొట్టంలోకి పోతుందా, పెరట్లో ఇంకుడు గుంతలోకి పోతుందా అన్నది కచ్చితంగా కనుక్కోవాలి. పెరట్లోకి పోతే అక్కడ మరో పరీక్ష. సరే, ఈ గండాలన్నీ దాటావనుకుందాం.

ఇక కట్టడం సంగతి. తెల్ల పలకలు, పైన మూడు ఆకుపచ్చ గీతలు, ఎర్ర నక్షత్రం ఉన్న ఆనవాళ్లు. అది టెక్సాకో పెట్రోలు కంపెనీదే. వాల్టర్ డోర్విన్ టీగ్ అనే డిజైనర్ 1937లో ఆ కంపెనీకి ఇచ్చిన రూపం. అప్పటిదాకా ఉన్న తీరు వేరు. 1913 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌లో గల్ఫ్ కంపెనీ కారు నేరుగా లోపలికి వచ్చేలా ఒక స్టేషన్ కట్టకముందు, జనం పెట్రోలు ఎక్కువగా హార్డ్‌వేర్ దుకాణాల దగ్గరా, రోడ్డు పక్క పంపుల దగ్గరా పోయించుకునేవారు. ఇరవైల్లో స్టేషన్లు ఇళ్ల మధ్యకు వచ్చాయి. వీధివాళ్లు గొడవ పెట్టకుండా వాటిని చిన్న ఇళ్లలా కట్టారు. ప్యూర్ ఆయిల్ వాళ్ల నీలిరంగు ఏటవాలు కప్పులు, పొగ గొట్టాలు చూస్తే లోపల అమ్మమ్మ ఉంటుందనిపిస్తుంది. ఆర్థిక మాంద్యం వచ్చాక పెట్రోలు ఒక్కటే అమ్మితే పూట గడవక టైర్లు, బ్యాటరీలు, మరమ్మతులు కలిపారు. దానికి పెద్ద గాజు కిటికీలు, చదును కప్పు, తెల్లటి పెట్టెలాంటి కట్టడం పనికొచ్చింది. నీది ఆ పెట్టె. ఇంటి తరహావి చూడాలంటే మన రాష్ట్రంలోనే డ్వైట్ ఊళ్లో 1933 నాటిది, పక్కనే ఒడెల్‌లో 1932 నాటిది ఉన్నాయి. ఒక ఆదివారం వెళ్లి రండి.

ఆ తెల్ల పలకలు ఉక్కు రేకు మీద గాజుపూత కాల్చి తయారుచేసినవి. ఎనభై ఏళ్లయినా రంగు వెలవకపోవడానికి కారణం అదే. వాటి మీద పెయింటు వేయించకు. ఇసుకతో కొట్టి శుభ్రం చేస్తామని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపించెయ్యి. గాజు ఒకసారి గరుకైతే మళ్లీ మెరవదు. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. పెచ్చులూడినచోట తుప్పు మొదలవుతుంది, అక్కడ మాత్రం తుప్పు గీకి ఎపాక్సీతో పూడ్చి రంగు కలపాలి. నీ హోటలు బోర్డుకోసం పలకకు కొత్త రంధ్రం కొట్టనివ్వకు, పాత బోర్డు మేకుల రంధ్రాలే వాడుకో.

పెద్ద తలుపులను ఇటుకతో పూడ్చి చిన్న కిటికీ పెట్టడం చాలామంది చేసే పని. నాకు ఒళ్లు మండుతుంది. గాజు గడులున్న పైకెత్తే తలుపు నీ కట్టడానికి ఉన్న ఒక్కగానొక్క ఆకర్షణ. వేసవిలో ఎత్తేస్తే లోపలా బయటా ఒకటే హోటలు అవుతుంది. చలికాలానికి రెండు పొరల గాజుతో అదే ఆకారంలో తలుపు చేయించుకో. పడమటి గాజు గోడకు తెరలు పెట్టు, లేకపోతే సాయంత్రం నాలుగింటికి ఇడ్లీ తినేవాడు తనే ఆవిరి మీద ఉడికిపోతాడు. మరమ్మతు గది నేల కాలువ వైపు వాలి ఉంటుంది, బల్లలన్నీ ఊగుతాయి. పైన సమం చేసే పొర వేయించు. మరుగుదొడ్ల తలుపులు బయటికి ఉన్నాయి కదా, ఊరి ఆరోగ్య శాఖవాళ్లు దాన్ని ఒప్పుకుంటారో లేదో ముందే అడుగు.

ఇలాంటివి ఎలా బతికాయో కొన్ని చూడు. లాస్ ఏంజెలెస్‌లో 1935 నాటి గిల్మోర్ స్టేషన్ ఏళ్ల తరబడి పాడుబడి ఉండి, 2015లో స్టార్‌బక్స్ కాఫీ దుకాణం అయింది. లోపల కూర్చునే చోటంటూ లేదు, కార్లు మళ్లీ పాత దారినే వచ్చి పోతాయి. మాంట్రియల్‌లో మీస్ వాన్ డెర్ రో అనే పేరుమోసిన ఆర్కిటెక్ట్ గీసిన 1969 నాటి స్టేషన్ 2011లో పిల్లలకూ పెద్దవాళ్లకూ కలుసుకునే చోటుగా మారింది. లిటిల్ రాక్‌లో సెంట్రల్ హైస్కూల్ ఎదురుగా ఒక మొబిల్ స్టేషన్ ఉంది. 1957లో, అంతవరకూ తెల్లవాళ్లకే ఉన్న ఆ బడిలో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు అడుగుపెట్టినప్పుడు విలేకరులు అక్కడి ఫోను నుంచే వార్తలు పంపారు. దాన్ని తర్వాత సందర్శకుల కేంద్రం చేశారు. మహా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ కూడా మిన్నెసోటాలోని క్లోకేలో ఒకటి కట్టాడు. పెట్రోలు గొట్టాలు పైకప్పు నుంచి వేలాడాలని ఆయన పట్టు, అగ్నిమాపక నిబంధనలు ఒప్పుకోలేదు. ఎంతటివాడికైనా ఫైర్ మార్షల్ ఒక్కడే!

అల్లుడుగారి షోరూమ్ తీసిపారేయదగ్గది కాదు. షికాగోలో సౌత్ మిషిగన్ అవెన్యూ మీద మోటార్ రో అని కార్ల షోరూముల వరస ఉంది. అందులోనే ఒక ఆటోమొబైల్ క్లబ్ భవనం ‘షికాగో డిఫెండర్’ అనే నల్లజాతి పత్రికకు కార్యాలయమైంది. సియాటిల్‌లో 1920 నాటి ప్యాకార్డ్ కార్ల షోరూమ్ 2014లో కాఫీ గింజలు వేయించి అమ్మే పెద్ద రోస్టరీ అయింది, 2025లో అది మూతబడింది. పై అంతస్తుల్లో కూడా కార్లు నిలపడానికి కట్టారు కాబట్టి ఆ కాంక్రీటు నేలలు మంచి బరువుకు ఆగుతాయి. అందుకే అపార్టుమెంట్లు, గ్యాలరీలు అవుతుంటాయి. కానీ లోతైన కట్టడం, మధ్యలో చీకటి, పై అంతస్తుకు మెట్లు, లిఫ్టు, అగ్నిమాపక ఏర్పాట్లు కావాలి. నలభై కుర్చీల టిఫిన్ హోటలు ఆ భారం మోయలేదు. పైన అద్దెకు దిగేవాళ్లు ముందే దొరికితే ఆలోచించండి. అక్కడా ట్యాంకులు ఉండవచ్చు, షోరూములు కూడా పెట్రోలు పోసేవి.

రెండింటిలో ఏదైనా జాతీయ చారిత్రక జాబితాలో ఉంటే, లేదా అందులో చేర్పించగలిగితే, మరమ్మతు ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్ను రాయితీ వస్తుంది. ఐదేళ్లలో పంచి తీసుకోవాలి. కట్టడం విలువకంటే మరమ్మతు ఖర్చు ఎక్కువ ఉండాలి. గోడ ముట్టుకోకముందే దరఖాస్తు పెట్టండి. పాత కట్టడాల సంరక్షణ మీద నేషనల్ పార్క్ సర్వీస్ వేసే చిన్న పుస్తకాల్లో 46వది (ప్రిజర్వేషన్ బ్రీఫ్ 46) పాత గ్యాస్ స్టేషన్ల గురించే, ఉచితంగా దొరుకుతుంది.

ఒప్పందంలో రెండో దశ పరీక్ష నచ్చకపోతే డబ్బు వెనక్కి అన్న వాక్యం లేకుండా సంతకం చేయకండి. పెట్రోలు కంపెనీ అమ్మేటప్పుడు దస్తావేజులో పెట్టిన ఆంక్షలు ఉంటే వాటి నకలు అడగండి. గురువారం అమ్మకందారుతో మాట్లాడేటప్పుడు నన్నూ ఫోనులో కలుపు. ఆ హైడ్రాలిక్ లిఫ్టు కింద సంగతి నేనే అడుగుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న