ఉద్యోగం పడలేదా, సీటు పడలేదా?

ప్రశ్న: నా వయసు 29. నంద్యాలలో కోచింగ్ తీసుకుని, రెండో ప్రయత్నంలో బ్యాంకు పీవోగా (ప్రొబేషనరీ ఆఫీసరుగా) ఎంపికయ్యాను. నాలుగేళ్లుగా గోదావరి జిల్లాలో ఒక బ్రాంచిలో చేస్తున్నాను. లోన్‌కి వచ్చినవాళ్ల చేత ఇన్సూరెన్స్ కట్టించాలి. ఎవరెన్ని పాలసీలు చేయించారో రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో పెడతారు. సున్నా ఉన్న పేర్లకు ఎర్ర రంగు వేస్తారు. ఆదివారం సాయంత్రం నుంచే నాకు కడుపులో తిప్పినట్టు ఉంటోంది. ఆన్‌లైన్‌లో స్వభావం చెప్పే టెస్టు చేస్తే ఇంట్రావర్ట్ (నలుగురిలో కంటే తనలో తాను ఉండే మనిషి) అని వచ్చింది. మానేస్తానంటే నాన్న 'బంగారం లాంటి ఉద్యోగం' అంటారు. మా వారు 'నీ ఇష్టం' అని ఊరుకుంటారు. ఒక రైస్ మిల్లు ఫైలులో స్టాకు లెక్కకీ జీఎస్టీ రిటర్నులకీ పొంతన లేదని పట్టుకున్న రోజు మాత్రం భోజనం సంగతే గుర్తురాలేదు. నేను ఈ ఉద్యోగానికి పనికిరానా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరమంతా ఒక ఎత్తు, ఆ రైస్ మిల్లు ఫైలు ఒక ఎత్తు. బ్యాంకుకి పనికిరాని మనిషి స్టాకు స్టేట్‌మెంటు చూస్తూ ఆకలి మర్చిపోదు.

జాన్ హాలండ్ అని ఒక అమెరికన్ సైకాలజిస్టు ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో ఇంటర్వ్యూలు చేసే పనిలో ఉండగా, అక్కడికి వచ్చినవాళ్ల పాత ఉద్యోగాల కథలు వింటుంటే మనుషులు కొన్ని రకాలుగానే కనిపించారు. 1959లో ఆ ఆలోచనను సిద్ధాంతంగా రాశారు. అది చివరికి ఆరు రకాలుగా స్థిరపడింది: చేతులతో, పనిముట్లతో చేసేవాళ్లు, ఆరా తీసేవాళ్లు, కళాకారులు, నేర్పేవాళ్లూ సాయపడేవాళ్లూ, ఒప్పించి అమ్మగలిగేవాళ్లు, లెక్కలూ కాగితాలూ పద్ధతిగా పెట్టేవాళ్లు. పనిచేసే చోట్లకి కూడా ఇవే ఆరు రకాలు అన్నారు ఆయన. కిటుకంతా అక్కడే ఉంది. నంద్యాలలో మీరు లెక్కలు చేసుకుంటూ ఊహించుకున్న బ్యాంకు ఆరో రకం. ఇప్పుడు మీరు కూర్చున్న సీటు ఐదో రకం. బోర్డు మీద పేరు మాత్రం ఒకటే.

అలాగని దీన్ని జాతకంలా పట్టుకోకండి. అభిరుచికీ పనికీ పొంతన కుదిరితే సంతృప్తి పెరిగే మాట నిజమే కానీ, పెరిగేది కొంచెమేనని తర్వాతి పరిశోధనలు చూపించాయి. ఎక్కడున్నా కంగారు పడే స్వభావం ఉంటే ఏ ఉద్యోగంలోనైనా సంతృప్తి తగ్గుతుందనీ తేలింది. కాబట్టి ఒక్కటి గుర్తుచేసుకోండి: మొదటి ప్రయత్నం పోయిన రోజుల్లో కూడా ఇలాగే నెలల తరబడి కడుపులో తిప్పిందా? అవునంటే సీటు మారినా ఆ కంగారు మీ వెంటే వస్తుంది, దాని సంగతి విడిగా చూడాలి.

ఎర్ర రంగు విషయం వేరు. నలుగురిలో పేరు పెట్టి సున్నా చూపిస్తే గలగలా మాట్లాడేవాడికైనా గొంతు ఆరిపోతుంది. అందులో మీ ఇంట్రావర్ట్ గోల ఏమీ లేదు, అది పై అధికారి మర్యాదకు సంబంధించిన విషయం. ఇన్సూరెన్స్ అంటగట్టడం గురించి 2024లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామనే బ్యాంకులను హెచ్చరించారు. పంట లోన్‌కి వచ్చిన రైతుకి అక్కర్లేని పాలసీ ఇవ్వడానికి మీకు మనసొప్పకపోతే, దానికి బిడియం అని పేరు పెట్టకండి.

రాజీనామా మాట మూడు నెలలు పక్కన పెట్టండి. పడుకునే ముందు నోటుబుక్కులో రెండు లైన్లు రాయండి: గడియారం చూడకుండా చేసిన పని ఏది, పదిసార్లు గడియారం చూసిన పని ఏది. మూడు వారాలు రాస్తే చాలు. నాలుగేళ్లయింది కాబట్టి బదిలీ ఎలాగూ దగ్గర్లోనే ఉండొచ్చు. ఏ ఊరు వేస్తారో అని ఎదురుచూడకుండా, లోన్ల ప్రాసెసింగ్ సెంటరో ఇన్‌స్పెక్షన్ విభాగమో కావాలని రీజినల్ ఆఫీసుకి ముందే రాసి ఇవ్వండి. 'నాకు మార్కెటింగ్ చేతకాదు' అని మాత్రం రాయకండి. రైస్ మిల్లు సంగతి రాయండి.

నిద్ర కూడా పట్టకపోతే డాక్టరుని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

నాన్నగారితో వాదన వద్దు. ఆయన చూసిన బ్యాంకు ఆఫీసరు లెడ్జర్ల మధ్య గంభీరంగా కూర్చునే మనిషి. ఆ లెక్కన ఆయన అన్నది నిజమే. ఒక రాత్రి పదింటికి ఫోను ఆయన చేతిలో పెట్టండి, చాలు.

ఇక మీ వారు. 'నీ ఇష్టం' అనడం వినడానికి బాగానే ఉంటుంది కానీ, నిర్ణయం బరువంతా మీ నెత్తిమీద పెట్టి పక్కకు తప్పుకున్నట్టే. ప్రాసెసింగ్ సెంటర్లు ఎక్కువగా పెద్ద ఊళ్లలో ఉంటాయి. బదిలీ అయితే కాపురం ఎక్కడ, ఆయన ఉద్యోగం సంగతేమిటి, జీతం కొన్నాళ్లు ఆగినా ఇల్లు గడుస్తుందా అన్నవి ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సినవి. అది ఈ ఆదివారం పొద్దున్నే పెట్టుకోండి, సాయంత్రం దాకా ఆగకుండా.