చెకర్‌బోర్డులో ఒకసారి 0.5, ఇంకోసారి 0.75 వస్తే సినర్జీ అనొచ్చా?

ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందుకి లొంగని కాండిడా (ఒక ఈస్ట్) మీద, దానికి టెర్బినాఫిన్ అనే ఇంకో ఫంగస్ మందు కలిపి చెకర్‌బోర్డు (రెండు మందులనీ రకరకాల మోతాదుల్లో కలిపి ప్లేటులో చూసే పరీక్ష) చేస్తే, జోడీ బలాన్ని కొలిచే ఎఫ్ఐసీ ఇండెక్స్ మొదటిసారి 0.5, రెండోసారి 0.75 వచ్చిందనీ, గైడ్‌కి ఏది చూపించాలో అర్థం కావట్లేదనీ అడిగారు. టెన్షన్ పడకండి, రెండుసార్లూ మీకు వచ్చింది దాదాపు ఒకే ఫలితం.

మీరిచ్చిన అంకెలే తీసుకుందాం. ఎంఐసీ (పెరుగుదలని ఆపే కనీస మోతాదు, మిల్లీలీటరుకి మైక్రోగ్రాముల్లో) విడిగా ఫ్లుకోనజోల్‌కి 64, టెర్బినాఫిన్‌కి 32. కలిపినప్పుడు మొదటిసారి 16, 8. 64లో 16 పావు, 32లో 8 పావు, రెండూ కలిసి 0.5. రెండోసారి టెర్బినాఫిన్ ఒక్క వెల్ (ప్లేటులోని గుంట) జరిగి 16 అయింది, అంతే. పావు, అర కలిసి 0.75. రెట్టింపు డైల్యూషన్లతో (వెల్ వెల్‌కీ మోతాదు రెట్టింపయ్యేలా) చేసే టెస్టులో ఒక వెల్ అటూ ఇటూ అవడం ఎవరి చేతిలోనైనా మామూలే. 0.5 దాకా సినర్జీ (కలిస్తే బలం పెరగడం), 4 దాటితే యాంటాగనిజం (ఒకదాన్నొకటి అడ్డుకోవడం), మధ్యలో ఏమీ లేనట్టు అని హద్దులు అంత దూరంగా పెట్టింది కూడా అందుకే. మీ స్ట్రెయిన్ సరిగ్గా హద్దు మీద ఉంది. వేరువేరు రోజుల్లో ఇంకొన్నిసార్లు చేసి, వచ్చిన విలువలన్నీ రాయండి. నచ్చిన ఒక్కటే ఏరుకోవద్దు.

కాంబినేషన్ ప్లేట్లు చేస్తూ నేను గమనించినంతలో, పేచీ ఎక్కువగా వచ్చేది ఒంటరి మందు వరుస దగ్గరే. ఫ్లుకోనజోల్ ఈస్ట్‌ని చంపదు, పెరగకుండా ఆపుతుంది. కాబట్టి 35 డిగ్రీల దగ్గర 24 గంటల తర్వాత, మందులేని వెల్‌తో పోల్చి పెరుగుదల సగానికి తగ్గిన చోటు చూడాలి, పూర్తిగా తేటపడిన చోటు కాదు. తేటగా ఉండాల్సింది యాంఫోటెరిసిన్ బీ అనే ఇంకో ఫంగస్ మందుకి. కొన్ని స్ట్రెయిన్లు చివరి వెల్ దాకా పల్చటి మసక వదులుతాయి, దీన్నే ట్రెయిలింగ్ అంటారు. అలాంటి ప్లేటుని కంటితో చదివితే ఒకరు 1 అంటారు, ఇంకొకరు 64 అంటారు. నేనైతే ప్లేట్ బాగా కదిపి రీడర్‌లో (మసకని కొలిచే యంత్రం) పెట్టే చదువుతాను. పక్కన కాండిడా పరాప్సిలోసిస్ ఏటీసీసీ 22019 (ఎంఐసీ ఎంత రావాలో ముందే తెలిసిన స్ట్రెయిన్) కంట్రోల్ కూడా నడుస్తుండాలి. అది రేంజ్‌లో లేకపోతే ఆ రోజు ప్లేట్లన్నీ పక్కన పెట్టాల్సిందే.

విడిగా ఎంఐసీ ప్లేటులోని పై హద్దు 64ని దాటిపోతే చాలామంది 128 అని వేసుకుని లెక్క కడతారు. కింద ఉన్న అంకె రెట్టింపయితే భాగం సగమవుతుంది, కాగితం మీద సినర్జీ పుట్టుకొస్తుంది. డైల్యూషన్లు పైకి పెంచి చూడండి. టెర్బినాఫిన్ కరిగించిన డీఎంఎస్ఓ అనే ద్రావకానికి కూడా విడిగా ఒక కంట్రోల్ వెల్ పెట్టండి (దీన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ).

ఈ రెండు మందులూ ఫంగస్ కణపు పొరకి కావాల్సిన ఎర్గోస్టెరాల్ తయారీనే వేరువేరు మెట్ల దగ్గర అడ్డుకుంటాయి, కాబట్టి కలిస్తే బలం పెరగడంలో వింత లేదు. అయితే మీ స్ట్రెయిన్‌లో సీడీఆర్1 లాంటి పంపులు ఎక్కువగా ఉంటే అవి రెండింటినీ బయటికి తోసేయగలవు. వీలైతే ఆ జీన్ ఎంత పనిచేస్తోందో చూడండి.

ఇది రోగికి పనికొస్తుందా అని కూడా అడిగారు. రక్తంలోకి వెళ్లిన కాండిడాకైతే నేను ఒప్పుకోను. 250 మిల్లీగ్రాముల టెర్బినాఫిన్ వేసుకుంటే రక్తంలో గరిష్ఠంగా మిల్లీలీటరుకి 1 మైక్రోగ్రాము దాకా వస్తుంది, అందులోనూ దాదాపు అంతా ప్రోటీన్లకి అంటుకునే ఉంటుంది. మీ ప్లేటులో పనిచేసింది 8 దగ్గర. క్రిప్టోకాకస్ మెనింజైటిస్‌లో (ఇంకో ఈస్ట్ వల్ల మెదడు పొరలకి వచ్చే జబ్బు) యాంఫోటెరిసిన్, ఫ్లుసైటోసిన్ జోడీ నిలబడింది రోగుల మీద జరిగిన ట్రయల్స్ వల్ల, చెకర్‌బోర్డు వల్ల కాదు.

థీసిస్‌కి బలం కావాలంటే టైమ్-కిల్ (గంటలు గడిచేకొద్దీ ఎన్ని కణాలు బతికున్నాయో లెక్కపెట్టే పరీక్ష) చేయండి. 24 గంటలకి, విడిగా బాగా పనిచేసిన మందు కంటే జోడీ కాలనీలని కనీసం 100 రెట్లు తగ్గిస్తే అప్పుడు సినర్జీ అని రాయండి.