పొత్తికడుపులో నొప్పి... గ్యాస్ అనుకుని ఊరుకోవచ్చా?

ప్రశ్న: నేను 27 ఏళ్ల మహిళను. రెండు రోజులుగా పొత్తికడుపులో కుడివైపు నొప్పి వస్తూ పోతూ ఉంది. జ్వరం లేదు. ఇంట్లో ఒకరు గ్యాస్ అంటున్నారు, ఇంకొకరు అపెండిసైటిస్ అంటున్నారు. ఏదో తేల్చుకునేదెలా?

జవాబు: కుడివైపు నొప్పి అనగానే అందరికీ అపెండిక్సే గుర్తొస్తుంది. కానీ ఆ పక్కనే మూత్రనాళం ఉంది, పెద్దపేగు మొదలయ్యే భాగం ఉంది, ఆడవాళ్లకైతే అండాశయం, ఫెలోపియన్ ట్యూబ్ కూడా ఉన్నాయి. అందుకే డాక్టర్ ముందుగా అడిగేది నొప్పి ఎక్కడ మొదలైంది, ఎటు జరిగింది, దానితోపాటు ఇంకేం ఉన్నాయి అని.

అపెండిసైటిస్ నొప్పి చాలామందిలో బొడ్డు చుట్టూ మొదలవుతుంది. అపెండిక్స్ నుంచి వచ్చే నరాలూ, బొడ్డు దగ్గరి చర్మం నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో దాదాపు ఒకే చోటికి చేరతాయి కాబట్టి మెదడు పొరబడుతుంది. వాపు పెరిగి కడుపు లోపలి గోడ పొరకు పాకాక, సాధారణంగా ఒక రోజు లోపే, నొప్పి కుడివైపు కిందికి దిగి అక్కడే పాతుకుపోతుంది. తుంటి ఎముక ముందువైపు చేతికి తగిలే మొన నుంచి బొడ్డు వరకు గీత ఊహించుకోండి. మొన నుంచి మూడో వంతు దూరంలో నొక్కితే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. ఆకలి చచ్చిపోతుంది. ముందు నొప్పి, తర్వాత వాంతులు... మామూలుగా వరస ఇదే. దగ్గినా, మునివేళ్ల మీద లేచి మడమలు నేలకు ఆనించినా ఆ చోట కలుక్కుమంటుంది. అందుకే ఇలాంటి వారు కదలకుండా పడుకుంటారు. జ్వరం మొదట్లో ఉండకపోవచ్చు కాబట్టి అది లేదని ధైర్యపడొద్దు.

మూత్రనాళంలో రాయి ఉంటే నడుము పక్క నుంచి గజ్జల్లోకి నొప్పి తెరలు తెరలుగా దిగుతుంది, మనిషి ఒకచోట కుదురుగా ఉండలేడు. మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం ఉంటే మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ అనుకోవాలి. గ్యాస్ నొప్పి అయితే చోటు మారుతూ ఉంటుంది, గ్యాస్ పోయినా విరేచనమైనా తేలికపడుతుంది.

మీ విషయంలో మరీ ముఖ్యమైనది చివరి నెలసరి తేదీ. నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలయ్యేటప్పుడు ఒకవైపు నొప్పి రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో అదే పోతుంది. నెలసరి తప్పి ఉంటే మాత్రం వెంటనే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించుకోండి. పిండం ట్యూబ్‌లోనే పెరిగితే సాధారణంగా చివరి నెలసరి నుంచి లెక్కేస్తే 6 నుంచి 8 వారాల మధ్య నొప్పి, కొద్దిగా రక్తస్రావం మొదలవుతాయి. కళ్లు తిరగడం, భుజం కొనలో నొప్పి తోడైతే కడుపులో రక్తం చేరుతోందేమోనని అనుమానించాలి. సిస్టు (నీటిబుడగ) ఉన్న అండాశయం మెలిపడినా అంతే ప్రమాదం. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు వస్తాయి. మెలిక పడుతూ వీడుతూ ఉంటే మీరన్నట్టు నొప్పి వచ్చి పోవచ్చు కూడా.

రెండు రోజులైంది కాబట్టి ఈ రోజే చూపించుకోండి. మూత్ర పరీక్ష, ప్రెగ్నెన్సీ టెస్ట్, రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్‌తో చాలావరకు తేలిపోతుంది. పైనుంచి చేసే స్కాన్‌కు మూత్రాశయం నిండి ఉండాలి. గంట ముందు సుమారు లీటరు నీళ్లు తాగి మూత్రం ఆపుకోమంటారు. అయితే నొప్పి తీవ్రంగా ఉన్నా, వాంతులవుతున్నా ఏమీ తినకుండా, తాగకుండా వెళ్లండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు. విరేచనాల మందు, ఎనిమా సొంతంగా వాడొద్దు. వాచిన అపెండిక్స్ చిట్లే ప్రమాదం ఉంది. నొప్పి మాత్ర వేసుకుని ఉంటే దాని పేరు, వేసుకున్న సమయం చెబితే చాలు. ఇంకొకటి, తీవ్రమైన నొప్పి హఠాత్తుగా తగ్గి, కాసేపటికి కడుపంతా పాకితే అపెండిక్స్ చిట్లి ఉండొచ్చు. ఆ ఊరటను నమ్మొద్దు.

ప్రశ్న: ఆరు నెలలుగా పొత్తికడుపు నొప్పి. స్కాన్‌లో అంతా నార్మల్ అన్నారు. మరి నొప్పి ఎందుకు?

జవాబు: స్కాన్‌కు కనిపించని కారణాలు చాలానే ఉన్నాయి, కాబట్టి మీ నొప్పి అబద్ధం కాదు. రెండు నెలల పాటు నొప్పి వచ్చిన రోజు, సమయం, తిన్నవి, విరేచనం తీరు, ఆడవాళ్లయితే నెలసరి తేదీ ఒక పుస్తకంలో రాయండి. విరేచనంతో నొప్పి తగ్గడమో పెరగడమో జరుగుతూ, మలబద్ధకం లేదా విరేచనాలు ఉంటే ఐబీఎస్ (పరీక్షల్లో జబ్బేమీ కనిపించకపోయినా పేగుల పనితీరు గాడితప్పడం) కావచ్చు. నెలసరికి ముందు మొదలై ఆ రోజుల్లో పెరుగుతుంటే, కలయికలో నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది దాని బయట పెరగడం) గురించి గైనకాలజిస్టును అడగండి. మామూలు స్కాన్‌లో అది చాలాసార్లు దొరకదు. బరువు తగ్గడం, మలంలో రక్తం, నిద్రలోంచి లేపే నొప్పి, 50 దాటాక కొత్తగా మొదలైన నొప్పి ఉంటే మాత్రం రాసుకుంటూ కూర్చోకుండా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మా బాబుకు 14 ఏళ్లు. పొద్దున్నుంచి పొత్తికడుపు నొప్పి, రెండుసార్లు వాంతి అయింది. సాధారణంగా ఏం అయ్యుంటుంది?

జవాబు: అపెండిసైటిస్ కావచ్చు. కానీ ఈ వయసు మగపిల్లల్లో తప్పకుండా చూడాల్సింది వృషణాలు. వృషణం మెలిపడితే నొప్పి పొత్తికడుపులో తెలుస్తుంది, పిల్లలు సిగ్గుపడి అసలు చోటు చెప్పరు. నెమ్మదిగా అడిగి చూడండి. ఒకవైపు వాపు, పైకి లాక్కున్నట్టు ఉండటం, తాకనివ్వకపోవడం దీని గుర్తులు. సుమారు 6 గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలిక విప్పితే వృషణం దక్కే అవకాశం ఎక్కువ. తర్వాత ప్రతి గంటకూ ఆ అవకాశం తగ్గిపోతుంది. కాబట్టి ఇలాంటి సందర్భంలో ఓపీ టోకెన్ కోసం, స్కాన్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, వృషణాలు కూడా చూడమని మీరే అడగండి.