గుండె డాక్టరు ఫోన్లో దొరకాల్సింది నర్సుకి

పల్లెల్లో ఉండేవాళ్లకి టెలీమెడిసిన్ వల్ల గుండె వైద్యం నిజంగా అందుతుందా అని అడిగారు. అందుతుంది. అయితే మీరనుకుంటున్న వీడియో కాల్ వల్ల కాదు. నేను చాలాకాలం ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేశాను, అక్కడ చూసిందే చెప్తాను.

ఒక రాత్రి ఒకాయన్ని భార్య తీసుకొచ్చింది. "గ్యాస్ పట్టేసిందండి సిస్టర్, ఏదైనా మాత్ర ఇవ్వండి చాలు" అంటున్నాడాయన. చొక్కా మాత్రం వంటికి అతుక్కుపోయి ఉంది. ఈసీజీ తీద్దామంటే ఆ చెమటకి ఎలక్ట్రోడ్లు నిలవవు. గుడ్డతో తుడిచి, ఛాతీ మీద వెంట్రుకలు గీసి, ఒక్కోటీ వేలితో నొక్కిపట్టి తీశాను. ఫొటో కొట్టి పెద్దాసుపత్రి కార్డియాలజిస్టుకి పంపితే వెంటనే ఫోన్ చేశారు. "ఇది గ్యాస్ కాదు సిస్టర్, గుండె కింది గోడకి అటాక్. ఛాతీ కుడివైపు ఎలక్ట్రోడ్ పెట్టి ఇంకో ఈసీజీ తీసి పంపండి. అప్పటిదాకా నాలుక కింద మాత్ర పెట్టొద్దు" అన్నారు. గుండె కుడి భాగం కూడా దెబ్బతిని ఉంటే ఆ మాత్రకి బీపీ అమాంతం పడిపోతుంది.

స్టెంట్ వేసే ఆసుపత్రి రెండు గంటల్లో అందేంత దగ్గరలో లేదు. అలాంటప్పుడు రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ముందే ఇచ్చేసి ఆ తర్వాత పంపాలి. ఇదివరకు పక్షవాతం వచ్చిందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా, ఎక్కడైనా రక్తం పోతోందా అని కార్డియాలజిస్టు ఫోన్లోనే ఒక్కొక్కటీ అడిగించారు. మా డాక్టరుగారు గడ్డ కరిగించే ఆ ఇంజెక్షన్, టెనెక్టెప్లేస్, ఇచ్చారు. అంబులెన్స్ ఎక్కించేసరికి నొప్పి తగ్గింది. ఆ పేషెంటు కార్డియాలజిస్టు ముఖం చూడలేదు, గొంతు వినలేదు. అయినా ఆయనకి గుండె వైద్యం అందింది. నా దృష్టిలో అసలైన టెలీమెడిసిన్ అదే.

ఛాతీనొప్పికి యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోమనడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఓటీపీ వచ్చేలోపు గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. మెషీన్లు కొనేవాళ్లు ఈసీజీ పేపరు రోల్, జెల్, బ్యాటరీ ఎవరు తెప్పిస్తారో ఆలోచించరు. ఇంకో మాట, ఫొటో తీసేవాళ్లు కాగితాన్ని బల్ల మీద చదునుగా పెట్టండి. నీడ పడి సగం గీతలు కనబడకపోతే అవతలివాళ్లు ఏం చూడాలి?

ఇదేమీ కొత్త విద్య కూడా కాదు. 1905లోనే నెదర్లాండ్స్ దేశంలోని లైడెన్‌లో ఈసీజీ యంత్రం తయారుచేసిన శాస్త్రవేత్త ఐంథోవెన్ సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరంలోని ఆసుపత్రి నుంచి టెలిఫోన్ తీగ మీద తన ల్యాబుకి ఈసీజీ తెప్పించుకున్నాడు. మనకి కొరత తీగలు కాదు, అవతల ఫోన్ ఎత్తే మనిషి.

హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేని పేషెంట్ల సంగతీ అంతే. జర్మనీలో 1,500 మందికి పైగా పేషెంట్లతో చేసిన టీఐఎం-హెచ్‌ఎఫ్2 అధ్యయనం 2018లో వచ్చింది. రోజూ ఇంటి నుంచి బరువు, బీపీ, ఈసీజీ పంపినవాళ్లలో మరణాలు తగ్గాయి. అక్కడ 24 గంటలూ ఆ అంకెలు చూసి, మందు డోసు మార్చడానికి డాక్టర్లు, నర్సులు కూర్చుని ఉన్నారు. రెండుమూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగాడంటే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. ఆ అంకె ఎవరూ చూడకుండా యాప్‌లో పడి ఉంటే ఏం లాభం?

అందుకే మీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లినప్పుడు వీడియో కాల్ ఉందా అని అడగకండి. అర్ధరాత్రి ఈసీజీ పంపితే చూసేదెవరు, గడ్డ కరిగించే ఇంజెక్షన్ స్టాకులో ఉందా, అది ఇవ్వడానికి ఇక్కడివాళ్లకి అనుమతి ఉందా అని అడగండి.